ఎర్ర మూత, ఊదా మూత

దమన్హూర్,
1998 నవంబరు 3

గౌరవనీయురాలైన అక్క ఖైరియాకి, దసూకీ సలాములు.

బావ మెత్వల్లీ ఇచ్చిన తంతి నిన్న అందింది. తొమ్మిదేళ్లుగా మీరిద్దరూ హజ్ లాటరీలో పేర్లు వేస్తున్నారు. ఈసారి వచ్చాయని చదివి, ల్యాబు నడవాలో నిలబడి పైకే "అల్‌హందులిల్లాహ్" అన్నాను. పదిమందీ తిరిగి చూశారు. చూడనీ.

విషయానికి వస్తాను. యాత్రికులు రక్తపరీక్ష కాగితం హజ్ కమిటీకి ఇవ్వాలని, అది ఏ ప్రభుత్వ ఆసుపత్రిదైనా చెల్లుతుందని విన్నాను. నువ్వు దమియెట్టాలో ఇవ్వకూడదు. ఇక్కడికి రావాలి. నీ రక్తం నేను తీస్తాను.

నీకింకా చెప్పని సంగతి ఒకటుంది. అక్టోబరు ఒకటో తేదీ నుంచి నేను గొట్టాలు కడగడం లేదు. ఇరవై రెండేళ్లు కడిగాను. నాలుగేళ్లు రాత్రి బడికి వెళ్లి, నలభై ఏడో ఏట పట్టా పుచ్చుకుని, ఇప్పుడు రక్తం తీసే గదిలో కిటికీ పక్కనున్న కుర్చీలో కూర్చుంటున్నాను. తలుపు మీద నా పేరు లేదు కాని, ప్రతి గొట్టం మీదా రోగి పేరు కింద నా పొడి అక్షరాలు ఉంటాయి.

నా గది నుంచి నాలుగు దారులు. ఊదా మూత గొట్టం కణాలు లెక్కించే విభాగానికి పోతుంది. ఎర్ర మూత గొట్టం రసాయన విభాగానికి పోతుంది. చక్కెర, లవణాలు, మూత్రపిండాలు, కాలేయం సంగతి అక్కడ తేలుతుంది. క్రిములు పెంచే విభాగం ఒకటి, రక్తనిధి ఒకటి. ఆ నాలుగు చోట్లా పెద్ద యంత్రాలున్నాయి, డాక్టర్లున్నారు. అయినా నా గదిలో తప్పు జరిగితే ఆ నాలుగు చోట్లా అబద్ధమే అచ్చవుతుంది. ఈ మాట మా గురువు చెప్పింది కాదు, నేనే ఆలోచించి కనుక్కున్నది.

నియమాలు తు.చ. తప్పకుండా పాటిస్తాను. మనిషికి మనిషికి మధ్య గ్లౌజులు మారుస్తాను, చేతులు కడుగుతాను. వాడిన సూదికి మళ్లీ టోపీ తొడగను, నేరుగా పసుపు డబ్బాలో వేస్తాను. తోటివాళ్లకి నేను వినోదం. "దసూకీ బాబాయ్, అలా కడిగి కడిగి వేలిముద్రలు అరిగిపోతాయ్! రేపు గుర్తింపు కార్డు కూడా ఇవ్వరు నీకు!" అంటారు. వాళ్ల ఎగతాళి కన్నా ఆ 'బాబాయ్' నాకు కష్టంగా ఉంది. గొట్టాలు కడిగేవాణ్ని బాబాయ్ అంటారు. పట్టా ఉన్నవాణ్ని ఉస్తాద్ అనాలి.

నీ నరాల సంగతి నేను మరచిపోలేదు. కాలవలో ఈదే పిల్లలకి వచ్చే రక్తమూత్రపు జబ్బుకని, బడి ఆవరణలో మనల్ని వరసగా నిలబెట్టి నరానికి సూదులు వేసినప్పుడు, నాలుగో సూది తరవాత నేను గోడ దూకి పారిపోయాను. నువ్వు పదహారూ వేయించుకున్నావు. ఆ మందుకి నీ మోచేతి నరాలు ఎండిన నారతాడులా అయిపోయాయి. ఎవరో తెలియని మనిషి నిన్ను నాలుగైదు చోట్ల పొడవడం నాకు ఇష్టం లేదు.

తప్పక రాగలవు.

నీ తమ్ముడు
దసూకీ


దమియెట్టా,
నవంబరు 25

నా చిన్నోడు దసూకీకి, అక్క దీవెనలు.

నలభై ఏడేళ్లొచ్చినా నాకు నువ్వు చిన్నోడివే, అక్కడ కుర్చీ ఉంటే ఉండనీ.

మీ ఇంటి నుంచి వచ్చాక ఉత్తరం రాయడం ఆలస్యమైంది. పెళ్లి సోఫా సెట్టు ఒకటి ఒప్పుకున్నాం. మీ బావ కాళ్లు చెక్కుతున్నాడు, నేను మెత్తలు కుడుతున్నాను. ఈయన చెక్కిన ఆకుల్లో ఒకటి అరటాకులా వచ్చింది. "ఇదేం ఆకయ్యా?" అంటే, "పెళ్లికూతురికి ఆకలేస్తే తింటుంది, నువ్వు సూది చూసుకో" అన్నాడు.

సూది అంటే గుర్తొచ్చింది. ఒకే పోటు! చీమ కుట్టినట్టు కూడా లేదు. దారి పొడుగునా బస్సులో మీ బావకి చెప్పుకుంటూ వచ్చాను, "చూశావా మా వాడి చెయ్యి!" అని. "చూశాను తల్లీ, చెయ్యి చూశాను, మొహం కూడా చూశాను. సుల్తానుగారికి రక్తం తీస్తున్నట్టు పెట్టాడు" అన్నాడు. నువ్వు కోపం తెచ్చుకోకు. ఆయనకి నువ్వంటే ఇష్టం.

నువ్విచ్చిన సీలు కవరు కమిటీలో ఇచ్చేశాం. వాళ్ల పని వాళ్లు చేస్తారు.

ఒక మాట అడగనా? నీకు చదువుంది కాబట్టి అడుగుతున్నా. మా పక్కింటి ఉమ్మ్ రిజ్క్ పేరు కూడా లాటరీలో వచ్చింది. ఆమె రక్తంలో పొటాషియం అనేది ఆరు పాయింట్ ఎనిమిది ఉందట. కాల్షియం తక్కువుందట. కమిటీ డాక్టరు కాగితం చూసి, "అమ్మా, ఇంత పొటాషియంతో గుండె ఉన్నట్టుండి ఆగిపోవచ్చు, నిన్ను పంపలేను" అన్నాడట. ఆమె రోజూ నాలుగంతస్తులు ఎక్కుతుంది, దిగుతుంది. ఆయాసం లేదు, నొప్పి లేదు. గుండె గీతల పరీక్ష కూడా బాగానే ఉందట. ఇది నిజమేనంటావా? పాపం, రాత్రిళ్లు నిద్రపోవడం లేదు.

పిల్లలకి ముద్దులు.

అక్క
ఖైరియా


దమన్హూర్,
డిసెంబరు 3

గౌరవనీయురాలైన అక్కకి,

నీ పొరుగింటి ఆవిడ విషయం శ్రద్ధగా చదివాను. అడగవలసిన మనిషినే అడిగావు.

పొటాషియం రక్తంలో ఉండే ఒక లవణం. మూడున్నరకీ అయిదుకీ మధ్య ఉండాలి. ఆరు దాటితే ప్రమాదం. దాన్ని బయటికి పంపవలసిన మూత్రపిండాలో, వాటి మీద టోపీల్లా ఉండే గ్రంథులో చెడినప్పుడు అది పెరుగుతుంది. మనిషికి ముందుగా ఏమీ తెలియకపోవచ్చు. మెట్లెక్కగలగడం సాక్ష్యం కాదు. యంత్రానికి ఉమ్మ్ రిజ్క్ మీద పగ లేదు. దాన్ని నమ్మవలసిందే.

హజ్‌లో ఒక రోజంతా నిలబడవలసిన అరఫాత్ మైదానంలో, ఆ జనంలో, ఆ ఎండలో ఆవిడకి ఏమైనా అయితే పక్కనున్నవాళ్లు ఏం చేయగలరు? ఆమెని ఆపడమే దయ. కమిటీ డాక్టరు సరిగ్గానే చేశాడని నా మాటగా ఆవిడకి చెప్పు. ఖర్జూరం, అరటిపండు, టమాటా, నారింజ మానెయ్యాలి. మరీ అనుమానంగా ఉంటే రెండోసారి రక్తం ఇవ్వవచ్చు, కాని నేర్చిన చేతికే ఇవ్వాలి. చేతకానివాడు తీస్తే కణాలు చితికి, లేని పొటాషియం కూడా కనబడుతుంది. ఇది మాకు పాఠంలో ఉంది.

ఇక్కడ నాకు చిన్న చికాకు. రసాయన విభాగంలో డాక్టర్ గిహాన్ అని కొత్తగా వచ్చింది, మా పెద్దమ్మాయి ఈడుది. మొన్న నా గదికి వచ్చి, "బాబాయ్, నువ్వు పంపే ఎర్ర మూతల్లో కొన్ని సరిగ్గా గడ్డకట్టడం లేదేంటి? జెల్లీలా ఊగుతున్నాయ్" అంది. "డాక్టర్ గారూ, ఈ గాలి తీసిన గొట్టాలు వచ్చి రెండు నెలలే అయింది. గొట్టాల్లో లోపముంటే కంపెనీని అడగండి, నా చేతిని కాదు" అన్నాను. ఆమె నవ్వి వెళ్లిపోయింది. నాకు నవ్వు రాలేదు.

నీ కమిటీ కబురు ఎప్పుడు వస్తుంది? బట్టలు సిద్ధం చేసుకుంటున్నావా?

దసూకీ


దమియెట్టా,
డిసెంబరు 29, రంజాన్ పదో రోజు

చిన్నోడా,

నువ్వూ పిల్లలూ కులాసాగా ఉపవాసాలు చేస్తున్నారని తలుస్తాను.

మొన్న పదిహేనో తేదీన నీ దగ్గరికి ఎందుకొచ్చానని నువ్వు నాలుగుసార్లు అడిగావు. చెప్పాగా, కమిటీవాళ్లకి తాజా కాగితం కావాలట. అంతే. ప్రభుత్వం పని, వాళ్లకి ఏది ఎందుకు కావాలో వాళ్లకే తెలీదు. అప్పుడూ ఒకే పోటు. అల్లా నీ చేతికి చలవ ఇవ్వాలి.

ఇక్కడ పండగ నెల సందడి బాగానే ఉంది. మీ బావ సాయంత్రం ఉపవాసం విడిచే ఫిరంగి మోగేదాకా ఆగలేక బల్ల ముందు కూర్చుని పిడకలా మొహం పెడతాడు. మోగగానే ఖర్జూరం నోట్లో వేసుకుని గోడ వైపు తిరిగి తింటాడు. నేను ఖర్జూరం మానేశాలే, పన్ను సలుపుతోంది. నారింజ కూడా పులుపని మానేశాను. ఉపవాసం కూడా డాక్టరు వద్దన్నాడు, పంటికి మందులు వాడుతున్నానుగా.

ఉమ్మ్ రిజ్క్ సంగతి రాయమన్నావు. రెండోసారి కూడా ఇచ్చింది, బాగా నేర్చిన చేతికే ఇచ్చింది. ఆరు పాయింట్ తొమ్మిది. ఇంక అనుమానం లేదన్నారు. పేరు తీసి పక్కన పెట్టారు. ఫిబ్రవరి పది లోపల ఏదైనా కొత్త కాగితం తెస్తే చూస్తామన్నారు, లేకపోతే ఇంకొకరికి ఇస్తారు. కైరోలో గ్రంథుల డాక్టరుకి చూపించమన్నారు. ఆమె మొగుడు, "నువ్వు లేకుండా నేనొక్కణ్నే మక్కా వెళ్లి ఆ రాయి చుట్టూ ఎవరితో పోట్లాడుతూ తిరగను?" అన్నాడట. ఆయన కూడా పేరు వెనక్కి తీసుకుంటాడట. నువ్వు చెప్పింది ఆమెకి చెప్పాను, ఆపడమే దయ అన్నావని. తలూపింది.

నువ్వు మాత్రం దేని గురించీ బెంగ పెట్టుకోకు.

అక్క


దమన్హూర్,
1999 జనవరి 11

గౌరవనీయురాలైన అక్కకి,

ఈ ఉత్తరం మనసు బాగాలేక రాస్తున్నాను. ఇవాళ పదిమందిలో నాకు అవమానం జరిగింది.

మా ఆసుపత్రిలో అంటు సోకకుండా చూసే బాధ్యత సిస్టర్ దమియానాది. యాభై దాటిన మనిషి, గట్టి మనిషి. గది గదికీ వచ్చి పసుపు డబ్బాలు తెరిచి చూస్తుంది, చేతులు వాసన చూస్తుంది. ఆమె అంటే నాకు గౌరవమే. నా గదికి వచ్చినప్పుడల్లా, "అందరూ ఇలా ఉంటే నాకు పనే ఉండేది కాదు" అనేది.

ఈ ఉదయం ఆమె నా గొట్టాల చట్రం వెలుతురుకి ఎత్తి చూసింది. తరవాత నా కోటు ముంజేతి అంచు పట్టుకుంది. అక్కడ రెండు చిన్న మరకలు.

"ఇదేమిటి?"

"రక్తం, సిస్టర్."

"రక్తమని నాకూ తెలుసు. ఎక్కడిది? సూది మూతలోంచి గొట్టంలోకి వెళ్తుంది, మూత తీసే పనే లేదు. మరి ఈ ఎర్ర మూత అంచున లోపలివైపు రక్తం ఎందుకుంది? ఎవరు తీశారు ఈ మూత?"

నేను దాచలేదు. దాచవలసినదేదీ లేదనుకున్నాను. చెప్పాను. ముసలివాళ్లూ, బక్కవాళ్లూ, చిన్నప్పుడు మనలాగా ఆ నరపు సూదులు వేయించుకున్నవాళ్లూ వస్తారు. ఊదా గొట్టం నిండుతుంది. ఎర్ర గొట్టం ముప్పావు నిండేసరికి నరం ముడుచుకుపోతుంది. గీత దాకా లేకపోతే రసాయన విభాగం వెనక్కి పంపుతుంది. అప్పుడు వాళ్లని ఇంకోసారి పొడవాలి. నాకు మనసు ఒప్పదు. రెండు మూతలూ తీసి, ఊదా గొట్టంలో ఎక్కువగా ఉన్న రక్తం ఎర్ర గొట్టంలోకి వంచి గీత దాకా సరిచేస్తాను. ఆ మనిషి రక్తమే ఆ మనిషి గొట్టంలోకి. వేరొకరిది కాదు గదా!

సిస్టర్ చట్రం బల్ల మీద పెట్టింది. "దసూకీ గారూ, మూత తీసినప్పుడు తుంపర లేస్తుంది. అది కంట్లో పడితే? వాళ్ల కాలేయంలో ఏముందో మీకు తెలుసా? మీకు పట్టా ఎవరిచ్చారు?" అంది. తలుపు దగ్గర నిలబడ్డవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు.

అక్కా, పట్టా ఎవరిచ్చారట! నాలుగేళ్లు పగలంతా గొట్టాలు కడిగి, సాయంత్రం బల్ల మీద తల వాలిపోతుంటే చెంప మీద కొట్టుకుంటూ చదివాను. దయతో చేసిన పనికి ఇదా మాట? నీకు రెండుసార్లూ అలాగే చేశాను. నీ నరం ముప్పావు దగ్గరే ఆగిపోయింది. నీ మొహం చూసి రెండో పోటు పొడవలేకపోయాను. బడి గోడ దూకి పారిపోయినవాణ్ని, ఆమాత్రం కూడా చేయవద్దా?

నువ్వే చెప్పు.

దసూకీ


దమియెట్టా,
జనవరి 23

చిన్నోడా,

పండగ శుభాకాంక్షలు. నీ ఉత్తరం పండగ మరునాడు వచ్చింది.

సిస్టర్ మాట విను. ఆమె నీ కన్ను గురించి భయపడింది, నీ పట్టా గురించి కాదు. కోపంలో మనిషి అన్న చివరి మాటే మనం మోసుకు తిరుగుతాం. నువ్వు చిన్నప్పటినుంచీ అంతే. నా కోసం చేసింది దయతోనే చేశావని నాకు తెలీదా? ఇంక మూతలు తీయకు. కళ్లద్దాలు పెట్టుకో.

మా ప్రయాణం సంగతులు తరవాత రాస్తాను.

అక్క
ఖైరియా

బావమరిదీ, కింద రాసేది నేను, మెత్వల్లీని. ఉత్తరం డబ్బాలో వేసి రమ్మంటే, కవరు విప్పి రాస్తున్నాను. మీ అక్కకి తెలీదు. తెలిస్తే ఇవాళ నాకు పస్తే.

ముందు అసలు మాట. పక్కింట్లో ఏ ఉమ్మ్ రిజ్కూ లేదు. పక్కింట్లో రంపపు మిల్లుంది. ఆ ఆరు పాయింట్ ఎనిమిదీ, ఆరు పాయింట్ తొమ్మిదీ మీ అక్కవే. పేరు పక్కన పెట్టింది మీ అక్కదే. మొగుడు నేనే. నీకు చెప్పొద్దని ఖురాను మీద ఒట్టు వేయించుకుంది. అందుకే చెప్పడం లేదు, రాస్తున్నాను. "వాడి చేత్తో తీసిన రక్తం వల్లే నా హజ్ పోయిందని తెలిస్తే, వాడు ఆ కుర్చీలో మళ్లీ కూర్చోడు" అంటుంది. పంటి నొప్పి కూడా అబద్ధమే. పళ్లు మేకుల్లా ఉన్నాయి.

ఇప్పుడు నా మాట. నేను చదువుకోలేదు. కాని ముప్పై ఏళ్లుగా వార్నిషు కలుపుతున్నాను. మా దగ్గర రెండు డబ్బాలుంటాయి. ఒకదాంట్లో వార్నిషు గట్టిపడకుండా ఒక మందు కలిపి ఉంచుతాం. ఆ డబ్బాలోంచి గరిటెడు తీసి రెండో డబ్బాలో పోస్తే, రెండోది కూడా ఆరదు, రంగు మారుతుంది. సరుకు ఒకటేగా అంటే కుదరదు, మందు కూడా వెళ్తుంది.

ఆ అమ్మాయి డాక్టరు నీ ఎర్ర గొట్టాలు గడ్డకట్టడం లేదందని నువ్వే రాశావు. ఊదా దాంట్లోంచి వంచావనీ నువ్వే రాశావు. అయ్యా ఉస్తాద్, ఆ ఊదా గొట్టం అడుగున ఏముంది?

పదో తేదీ దగ్గరకొచ్చేస్తోంది.

మెత్వల్లీ


దమన్హూర్,
జనవరి 31

అక్కా,

బావ రాసింది చదివాను. ఆయన్ని ఏమీ అనవద్దు.

చదివిన వెంటనే డాక్టర్ గిహాన్ దగ్గరికి వెళ్లాను. కోటు విప్పి చేతిలో పట్టుకుని వెళ్లాను, ఎందుకో తెలియదు. "ఊదా గొట్టంలో ఏముంది?" అని అడిగాను. ఆమె నవ్వుతూ, "గడ్డకట్టకుండా చేసే మందు. నీకు తెలుసుగా బాబాయ్" అంది. తెలుసు. పరీక్షలో రాశాను. పదికి పది వచ్చాయి. "ఆ మందు దేనితో చేస్తారు?" అన్నాను. ఆ ప్రశ్న పరీక్షలో రాలేదు.

"అది పొటాషియం లవణం. రక్తంలోని కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, అందుకే గడ్డకట్టదు" అంది. తరవాత నా మొహం చూసి కుర్చీ జరిపింది.

అక్కా, పొటాషియం ఎక్కువ, కాల్షియం తక్కువ. అది నీ రక్తం కాదు. నేను వంచిన గొట్టం. నీ మూత్రపిండాలు బాగున్నాయి, గ్రంథులు బాగున్నాయి. నువ్వు నాలుగంతస్తులు ఎక్కి దిగుతుంటే నీ ఒళ్లు నిజం చెప్పింది. అది సాక్ష్యం కాదని రాసింది నేను. నిన్ను ఆపడమే దయ అని రాసింది కూడా నేనే. నువ్వు ఆ మాట చదివి తలూపావు.

చేసిందంతా చెప్పాను. డాక్టర్ గిహాన్ నన్ను తిట్టలేదు. "ఎన్నిసార్లు చేశారు?" అని మాత్రం అడిగింది. అక్టోబరు నుంచి ఉన్న రిజిస్టరు తెచ్చి, నరాలు బాగాలేవని నేను పక్కన గుర్తు పెట్టుకున్న పేర్లన్నీ ఏరాను. నలభై మూడు. సిస్టర్ దమియానా వచ్చి నా పక్కన కూర్చుంది. తప్పుల పుస్తకంలో జరిగింది నేనే రాస్తానన్నాను. రాశాను, పూర్తి పేరుతో. నా అక్షరాలు ఎప్పుడూ గుండ్రంగా ఉంటాయి. ఆ పేజీలో లేవు. నలభై ముగ్గురినీ పిలిపించి మళ్లీ పరీక్ష చేస్తారు. రెండు వారాలు నేను కుర్చీలో కూర్చోను, సిస్టర్ దగ్గర నేర్చుకుంటాను. అది శిక్ష కాదని ఆమె అంది. శిక్షే అయినా నాకు పరవాలేదు.

దీంతోపాటు కమిటీకి డాక్టర్ గిహాన్ రాసి, ముద్ర వేసిన ఉత్తరం పంపుతున్నాను. వెంటనే చేయవలసిన పని: నా దగ్గరికి రావద్దు. దమియెట్టా ప్రభుత్వ ఆసుపత్రికే వెళ్లు. ఎవరు తీసినా సరే, ఎన్నిసార్లు పొడిచినా సరే. ముందు ఎర్ర మూత, తరవాతే ఊదా మూత. పిడికిలి మాటిమాటికీ బిగించి విప్పమంటే ఒప్పుకోవద్దు, దానికీ పొటాషియం పెరుగుతుంది. రబ్బరు పట్టీ ఎక్కువసేపు ఉంచనివ్వవద్దు. ఏ మూతా తీయకుండా నీ కళ్లతో చూడు.

ఈ రాత్రి నాకు నిద్ర పట్టదు. అయినా గుండె మీదనుంచి ఏదో దించినట్టుంది. నువ్వు ఆరోగ్యంగా ఉన్నావు.

దసూకీ


దమియెట్టా,
ఫిబ్రవరి 27

చిన్నోడా, బంగారూ,

నాలుగు పాయింట్ రెండు!

ముందు అది రాసేశాను. ఇప్పుడు మిగతాది చెప్తా. మూడో తేదీన ఆసుపత్రికెళ్లాం. రక్తం తీసే అమ్మాయికి ఇరవై రెండేళ్లుంటాయి, నన్ను చూసి నాకన్నా ఎక్కువ భయపడింది. ఒక చేతికి రెండు పోట్లు, ఇంకో చేతికి రెండు. "అమ్మా, మీ నరాలు దొంగల్లా పారిపోతున్నాయి" అంది. "పొడువు తల్లీ, వాటికి అలవాటే" అన్నాను. ముందు ఎర్రది పట్టింది. నిండింది. ఊదాది వేరే చోట పొడిచి నింపింది. మూత మీద చెయ్యి పెడుతుందేమోనని నేను కన్నార్పకుండా చూస్తున్నాను. మీ బావ కూడా తల దూర్చి, "పాపా, ఏ డబ్బా ఏ డబ్బాలోనూ పోయకు" అన్నాడు. ఆ పిల్ల ఈయనకి మతి లేదనుకుని ఉంటుంది. నా రెండు చేతులూ వంకాయల్లా కమిలాయి, ఇప్పటికీ పసుపుపచ్చగా ఉన్నాయి. వాటిని చూసుకుని మురిసిపోతున్నాను, పిచ్చిదాన్ని.

తొమ్మిదో తేదీన కమిటీకి వెళ్లాం. ఆ డాక్టరు మీ డాక్టరమ్మ ఉత్తరం రెండుసార్లు చదివాడు. "తప్పు తనదేనని రాసిచ్చిన ల్యాబుని ఇన్నేళ్లలో ఇదే చూడ్డం. ఎవరాయన?" అన్నాడు. "నా తమ్ముడు" అన్నాను. గట్టిగా అన్నాను, వరండాలో వాళ్లకి కూడా వినబడేట్టు. 'అర్హురాలు' అని ముద్ర కొట్టాడు. మీ బావ అక్కడే గోడకి ఆనుకుని ఏడ్చేశాడు. అడిగితే సాండ్‌పేపరు పొడి కంట్లో పడిందట. కమిటీ ఆఫీసులో సాండ్‌పేపరు!

మార్చి పద్నాలుగున ఓడ ఎక్కుతాం. వెళ్లే ముందు అందరి దగ్గరా క్షమాపణ అడగాలి కదా. వీధిలో అందరినీ అడిగాను. పదేళ్లుగా మాట్లాడని కలపకొట్టు ఆమెని కూడా అడిగాను, ఆమె ఆశ్చర్యపోయి టీ ఇచ్చింది. చివరికి నువ్వే మిగిలావు. రెండు నెలలు నీకు అబద్ధాలు రాశాను. లేని పొరుగింటామెని కల్పించాను, లేని పంటి నొప్పి పెట్టుకున్నాను. నీ గర్వం విరగకూడదనుకున్నాను. అప్పుడే చెప్పి ఉంటే నవంబరులోనే తేలిపోయేది, మిగతా నలభై రెండుమందికీ కూడా. నన్ను క్షమించానని రాయి. ఊరికే కాదు, కాగితం మీద రాయి.

అక్క
ఖైరియా


దమన్హూర్,
మార్చి 25

అక్కా,

ఈ ఉత్తరం దమియెట్టా ఇంటికే రాస్తున్నాను, తిరిగొచ్చాక చదువుతావు. మిమ్మల్ని ఓడ ఎక్కించడానికి వచ్చినప్పుడు, ఆ మూటల మధ్య, ఆ ఏడుపుల మధ్య చెప్పలేకపోయాను. బావ నా కోటు జేబులో టేకు ముక్కతో చెక్కిన చిన్న గొట్టం వేసి పోయాడు. అది ఇంటికొచ్చాక దొరికింది. దాని మూతకి ఏ రంగూ వేయలేదు.

క్షమించానని రాయమన్నావు. రాస్తున్నాను: నేను నిన్ను క్షమించాను. క్షమించవలసిందంతా నా వైపు ఉందని ఇద్దరికీ తెలుసు. అయినా నువ్వు అడిగావు కాబట్టి రాశాను.

నలభై ముగ్గురిలో, నిన్ను కూడా కలుపుకుని, నలభై ఒక్కమంది లెక్కకి వచ్చారు. ఇద్దరి చిరునామాలు దొరకలేదు. సిస్టర్ ఇంకా వెతుకుతోంది, నేను కూడా శుక్రవారాలు వెళ్లి వెతుకుతున్నాను. వచ్చినవాళ్లలో ముప్పై తొమ్మిదిమంది కాగితాలు మారాయి. బస్సు కండక్టరుగా చేసి మానేసిన ఒక పెద్దాయన, మూడు నెలలు నారింజ తినలేదట. నన్ను చొక్కా పట్టుకుని అరిచాడు. అరవనిచ్చాను. తరవాత నారింజలు కొనడానికి వెళ్లిపోయాడు. ఒకామెకి మాత్రం మూతలు తీయకుండా తీసినా ఆరున్నర వచ్చింది. ఆమెకి నిజంగానే మూత్రపిండాల జబ్బు. వెంటనే వార్డులో చేర్చుకున్నారు. ఇంకా సమయముందని డాక్టరు అన్నాడు.

డాక్టర్ గిహాన్ ఇప్పటికీ నన్ను బాబాయ్ అనే పిలుస్తోంది. నేను సరిదిద్దడం మానేశాను.

ఇవాళ ఉదయం ఒకామె వచ్చింది. కాఫ్ర్ దవ్వార్ మిల్లులో పనిచేస్తుందట, నీ ఈడుది. చెయ్యి చాపగానే తెలిసింది, బడి సూదుల చెయ్యి. ఎర్ర గొట్టం పట్టాను. ముప్పావు దాకా వచ్చి ఆగిపోయింది. సూది తీసి దూది పెట్టాను. "అమ్మా, క్షమించాలి. ఇంకోసారి పొడవాలి" అన్నాను.

"ఇంకోసారా? రాలేదా? వచ్చింది కదయ్యా ఇంత! ఇది చాలదా నీకు? తాగుతావా ఏంటి?" అని మొదలుపెట్టింది. తరవాత నన్ను తిట్టింది. నా పట్టాని తిట్టింది. చివరికి మన నాన్నని కూడా తిట్టింది, పేరు తెలియకుండానే.

గ్లౌజులు మార్చాను. కొత్త సూది తీశాను. రెండో చెయ్యి తడిమి, దొరికిన చోట పొడిచాను. ఆమె పళ్లు బిగించింది. రక్తం వచ్చింది. ఎర్ర మూత గొట్టం గీత దాకా నిండింది. తరవాత ఊదాది. రెండూ చట్రంలో పక్కపక్కన పెట్టి, పేరు రాసి, కింద నా పొడి అక్షరాలు వేశాను.

ఆమె తిడుతూనే లేచి వెళ్లింది. నడవా చివరి దాకా వినబడింది. చేతులు కడుక్కుంటూ, రేపు నువ్వు అరఫాత్‌లో నిలబడతావు కదా అనుకున్నాను. నీళ్లు చల్లగా ఉన్నాయి. చాలాసేపు కడుక్కున్నాను.

నీ తమ్ముడు
దసూకీ